పసులమెట్ట మీద మంచు

పసులమెట్ట మీద మంచు కురిపిస్తారని తాతమ్మకి మొదట చెప్పినవాడు గణపతిరావు. ఆయన మందవలస మాజీ సర్పంచి. ఆమె పాక ముందు మోటారు సైకిలు ఆపి, దిగకుండానే ఆ కబురు చెప్పాడు. తాతమ్మ అప్పుడు ఆవుకి కుడితి పెడుతోంది. పుష్యమాసంలో మెట్ట మీద మంచు ఎప్పుడూ పడేదే కదా, దాన్ని ఒకరు కురిపించేదేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. గణపతిరావు నవ్వాడు. ఇది ఆ మంచు కాదని, చలిదేశాల కొండల మీద గుట్టలుగా పడే ఐసు మంచని, మిషన్లతో దాన్ని ఇక్కడే తయారు చేస్తారని, జనం కాళ్ళకి బద్దలు కట్టుకుని దాని మీద జారుతారని వివరించాడు.

"జారితే ఏటొస్తాది బాబూ?" అని అడిగింది తాతమ్మ. వెటకారానికి కాదు, తెలియకే అడిగింది.

గణపతిరావు ఊరు బాగుపడుతుందని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

గజపతినగరం నుంచి పడమటి కొండల వైపు వచ్చే బస్సు మందవలసతో ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి మొన్నమొన్నటి దాకా ఉన్నది ఒక్క పసుల బాటే. రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ, తుప్పల్లోంచి, వెదురు గుబుర్లలోంచి ఎక్కీ ఎక్కీ కాళ్ళు పీకుతున్న వేళకి చెట్లు వెనక్కి తగ్గి ఒక్కసారిగా ఆకాశం విచ్చుకుంటుంది. కొండ నెత్తిన చాప పరిచినట్టు గడ్డిబీడు. నడుమ సన్నగా పారే కొండవాగు. ఊరివాళ్ళు దాన్ని గెడ్డ అంటారు. అదే పసులమెట్ట.

కింద ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయంటే ఇక పశువుకి ఊళ్ళో మూతి పెట్టే చోటు ఉండదు. గట్టున మేస్తూ మేస్తూ పక్కవాడి మడిలోకి మెడ చాస్తుంది. దాంతో రెండిళ్ళ మధ్య మాటలు పోతాయి. అందుకని తాతముత్తాతల నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ ఆవుల్ని, పెయ్యల్ని, దుక్కి ముగిసిన ఎడ్లని మెట్ట మీదికి తోలేసి, కోతలు అయ్యాక దింపుకునేవారు. మందను కాసే కుటుంబాలు వానాకాలమంతా పైనే గుడిసెలు వేసుకుని ఉండేవి. తాతమ్మ అత్తవారిది అలాంటి కుటుంబం.

కాపురానికి వచ్చిన ఏడే ఆమె మెట్ట ఎక్కింది. భర్త పోతురాజు ఆమెకి మేనమామ కొడుకే. నెత్తిన తాటాకు గిడుగు, చేతిలో కర్ర, ముందు మంద, వెనక తను. ఆ మొదటి వానాకాలం భయంతో గడిచింది. గాలి ఉడుం పట్టు పట్టినట్టు గుడిసెని పట్టుకుని ఊపేది. చిరుత దగ్గుతున్నట్టు ఎక్కడో చప్పుడు వినిపిస్తే దూడలన్నీ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చి చేరేవి. రెండో ఏటికి భయం పోయింది. మూడో ఏడు ఒక ముసురు రోజున పోతురాజు మంత్రసాని కోసం కిందికి పరుగెత్తేలోగా ఆ గుడిసెలోనే ఆమెకి ఈశ్వరి పుట్టింది. పక్క గుడిసె ముసలమ్మే పురుడు పోసింది. ఈశ్వరి ఇప్పుడు శ్రీకూర్మంలో పిల్లాపాపలతో ఉంది. నీది ఏ ఊరే అని అక్కడ ఎవరైనా అడిగితే ఈనాటికీ మందవలస అనదు, పసులమెట్ట అంటుంది.

అంతటి చోటుకి మొదట పై ఊళ్ళవాళ్ళు ఊరికే చూడడానికి వచ్చారు. విజయనగరం, విశాఖపట్నం నుంచి కుర్రాళ్ళు బళ్ళేసుకుని వచ్చి, తెల్లవారి మబ్బులు కాళ్ళ కింద పారుతుంటే ఫోన్లలో తీసుకుని వెళ్ళేవారు. అవి చూసి మరికొందరు వచ్చారు. తాతమ్మ వాళ్ళని తప్పుపట్టలేదు. టీ కాచి ఇచ్చింది, పెరుగు పోసింది, జలుబు చేసిన ఒక పిల్లకి తన దుప్పటి కప్పింది. చూడడానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోతారు, గడ్డి గడ్డిలాగే ఉంటుంది అనుకుంది.

తరవాత కంపెనీ వచ్చింది. బడి అరుగు మీద ఊరందరినీ కూర్చోబెట్టారు. మేనేజరు పేరు విజయ్‌కుమార్. విశాఖపట్నం మనిషి, మర్యాదస్తుడు. అందరితోపాటు కింద కూర్చుని గ్లాసుడు మజ్జిగ తాగాడు. మెట్ట ప్రభుత్వానిదని, కంపెనీ దాన్ని కౌలుకి తీసుకుందని చెప్పాడు. ఊళ్ళోవాళ్ళకే ఉద్యోగాలన్నాడు. బీడులో సగం పశువులకే వదిలేస్తామని, బాట మూయమని, గెడ్డ నీళ్ళు ముట్టుకోమని నలుగురి ముందూ పైకి అన్నాడు. గణపతిరావు ఆ మాటల్ని ఊరి యాసలో మళ్ళీ చెప్పి మరింత ఖాయం చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. తాతమ్మ కూడా కొట్టింది. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన అరచేతుల మీద తనకే కోపం వస్తుంది.

ఏడు తిరక్కుండానే కొండ చుట్టూ తారు రోడ్డు పడింది. రోడ్డు మంచిదే, కాన్పులకి పనికొచ్చింది. కానీ రోడ్డు వెనకాలే ముళ్ళతీగ వచ్చింది. పసుల బాట సరిగ్గా మెట్ట ఎక్కే చోట సిమెంటు దిమ్మలు పాతి కంచె బిగించారు. బీడుని యంత్రాలతో గీకి, చదును చేసి, ఎక్కడి నుంచో చాపచుట్టలుగా తెచ్చిన గడ్డి పరిచారు. అది మేసే గడ్డి కాదు, ఫోటోలకి కనిపించే గడ్డి. రోడ్డు వచ్చి కలిసే చోట పెద్ద గేటు, గేటు పక్కన తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు. మనిషి అడుగుపెట్టని కొండ పచ్చికకి స్వాగతం అని దాని మీద రాశారట. చదివి చెప్పినది పొరుగింటి చిన్నతల్లి. తాతమ్మ ఆ మాటని రెండోసారి చెప్పించుకుంది. ఇన్నేళ్ళు ఆ మెట్ట మీద వండుకుని తిని, పిల్లని కని, చచ్చిన అత్తమామల్ని అక్కడి నుంచే మోసుకుని దిగిన తాము ఆ బోర్డు లెక్కలో మనుషులే కారన్నమాట. దారిన పోయే వాళ్ళెవరికీ అది తప్పుగా కనిపించలేదు. అందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు.

అయినా ఆమె ఆ కంపెనీలోనే పనికి చేరింది. ఈ సంగతి దాచిపెడితే కథ అబద్ధం అయిపోతుంది. మంద లేదు, పైకి దారి లేదు, కాసే పశువే లేనప్పుడు కాపరికి కూలి ఎవరిస్తారు? పోతురాజుకి సెక్యూరిటీ ఉద్యోగం ఇచ్చారు. నీలం చొక్కా, నల్ల బూట్లు, మెడలో ఈల. ఏ బాట మీద మందని తోలాడో ఆ బాటకి ఎదురుగా నిలబడి కార్లకి సెల్యూట్ కొట్టడం అతని పని. తాతమ్మది మంచుగదిలో పని. రేకుల గోడౌన్ లాంటి పెద్ద షెడ్డు అది. లోపల యంత్రాలు రొద పెడుతూ నేలంతా మంచు పేర్చేవి. ఒక పక్క ఏటవాలుగా దిబ్బ కట్టారు. దాని మీద నుంచి జనం జర్రున జారుతూ, పడుతూ, కేకలు పెడుతూ ఉంటే, వాళ్ళు చెదరగొట్టిన మంచుని పారతో ఎగదోయాలి. బయట వైశాఖపు ఎండకి రాళ్ళు పేలుతుంటే లోపల ఆమె ఎవరో తొడిగి విడిచిన దళసరి కోటు వేసుకుని వణుకుతూ ఉండేది. సాయంకాలం ఇంటికొచ్చి కాళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుంటే మడమల దాకా మొద్దుబారి ఉండేవి.

ఆ మంచు ఏ నీళ్ళతో తయారవుతోందో ఆమెకి చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. గెడ్డకి అడ్డంగా గోడ కట్టి, నీళ్ళని పైపుల్లోకి మళ్ళించారు. బయట ప్లాస్టిక్ చాపలు పరిచిన ఇంకో జారుడు దిబ్బ ఉంది. అది వేడెక్కకుండా పొద్దస్తమానం దాని మీద నీళ్ళు చిమ్ముతూనే ఉండేవారు. కింద మందవలస వైపు దిగే గెడ్డ ఫాల్గుణానికే రాళ్ళు తేలింది. ఊళ్ళో పశువులు ట్యాంకరు దగ్గర బిందెల మధ్య తలలు దూర్చేవి, ఆడవాళ్ళు కొట్టి తరిమేవారు. తాతమ్మ ఒకనాడు ఉండబట్టలేక విజయ్‌కుమార్‌ని అడిగింది. ఆయన చాలా ఓపికగా విన్నాడు. కరిగిన మంచుని మళ్ళీ వాడుతున్నామని, కంపెనీకి నీటి విలువ తెలుసునని అన్నాడు. ఆ మాట ఆయన నిజంగా నమ్మే అంటున్నట్టు అనిపించింది ఆమెకి. దానితో ఒళ్ళు మరింత మండింది.

ఆ మాటల నడుమే ఆయనకి ఇంకో ఊహ వచ్చింది. మర్నాడు ఒక గౌను తెప్పించాడు. ఎర్రది, కుచ్చులది, ముందు తెల్ల గుడ్డ కట్టేది. మంచుదేశాల్లో కొండ మీద పశువుల్ని కాసే ఆడవాళ్ళు అలాంటివి వేసుకుంటారట. అది వేసుకుని, శుభ్రంగా కడిగి దండ వేసిన ఆవు పక్కన పొద్దున్నా సాయంకాలమూ నిలబడితే చాలునట, అతిథులు ఫోటోలు తీసుకుంటారట. నిజం మందకి మెట్ట ఎక్కే దారి మూసేశారు, పేడ వేస్తాయని. నిజం కాపరిని మంచు ఎగదోయడానికి పెట్టారు. ఇప్పుడు అబద్ధం కాపరి కావాల్సి వచ్చింది, అదీ ఆ కాపరికే గౌను తొడిగి. తాతమ్మ ఆ గౌనుని చేత్తో తాకనైనా తాకలేదు. నాకు మంచుగదే బాగుంది బాబూ అని పార తీసుకుని వెళ్ళిపోయింది. పోతురాజు ఆ సాయంకాలం సణిగాడు. నీడ పట్టున నిలబడే పని కాలదన్నుకున్నావన్నాడు. ఆమె పొయ్యి రాజేసి కాళ్ళకి వేన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. బోర్లున్నవాళ్ళు ఆగలేక ఉభాలు మొదలుపెట్టేశారు. పశువుల్ని కొట్టాల్లో కట్టేశారు, ఎండుగడ్డి వేశారు. చిన్నతల్లి ఆవు చూడిది. ఆమెకి మొగుడు లేడు, ఆ ఆవే సంసారం. పలుపు తెంపుకుని అది ఒక రోజు పొద్దుగూకే వేళ ఎటో వెళ్ళిపోయింది. చిన్నతల్లి ఊరంతా తిరిగింది, గట్లు తిరిగింది. అది ఎటు పోయిందో ఆలోచిస్తే ఎవరికైనా తెలిసేది. దాని తల్లి వెళ్ళిన దారి, అది దూడగా ఉన్నప్పుడు వెళ్ళిన దారి. వానాకాలం వస్తే పైన గడ్డి, పైన నీళ్ళు. కంచె కట్టిన సంగతి, కౌలుకిచ్చిన సంగతి ఆవుకి ఎవరు చెప్పారు?

మర్నాడు పొద్దున్నే పనికి వెళ్ళిన తాతమ్మకి నీళ్ళ ట్యాంకు పక్కన నలుగురు మూగి కనిపించారు. ముళ్ళతీగ వరసల మధ్య ఆవు మెడ ఇరుక్కుని ఉంది. వెనక్కి లాక్కున్న కొద్దీ తీగ బిగుసుకుని గొంతు దగ్గర చీరేసింది. నాలుక బయటికి వచ్చేసింది. కడుపు మాత్రం నిండుగా, ఇంకా ఏదో ఉన్నట్టే ఉంది. ట్యాంకు అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతూ దాని మూతికి జానెడు దూరంలో నేల మీద పడుతున్నాయి. చీకట్లో అది అరిచిందని, వెళ్ళి చూద్దామనుకున్నామని, పొద్దున చూడొచ్చులే అని పైవాళ్ళు ఆపారని కాపలా కుర్రాడు గొణిగాడు.

విజయ్‌కుమార్ అక్కడే ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. కానీ ఆయన కళ్ళు ఆవు మీద లేవు, అతిథుల గుడారాల వైపు ఉన్నాయి. అతిథులు లేచేలోగా అంతా శుభ్రం కావాలన్నాడు. కంచె దగ్గర చచ్చిందంటే లేనిపోని గొడవని, రాతి మీద నుంచి జారి లోయలో పడిందని అనుకుంటే అందరికీ మంచిదని అన్నాడు. జీపు వచ్చింది. ఆవు కాళ్ళకి తాడు కట్టాలి. పశువు కాళ్ళకి తాడు వేయడం వచ్చినవాడు అక్కడ ఒక్కడే. అతను నీలం చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరి ముఖమూ చూడకుండా వంగి ముడి వేశాడు. జీపు ఆవుని లాక్కుంటూ లోయ అంచుకి వెళ్ళింది.

"అమ్మా, ఆ నెత్తురు మీద నాలుగు బకెట్లు పోయండి, త్వరగా," అన్నాడు విజయ్‌కుమార్ తాతమ్మతో.

ఒక్క చెంబుడు నీళ్ళ కోసం వచ్చి చచ్చిన ఆవు. ఇప్పుడు దాని నెత్తురు కడగడానికి నాలుగు బకెట్లు ఉన్నాయి. తాతమ్మ పనికని తొడుక్కొచ్చిన కోటు విప్పి కంచె దిమ్మ మీద పెట్టింది. బకెట్టు అందించబోతున్న మనిషిని దాటుకుని, పోతురాజు పక్క నుంచే నడిచి, అతను తాతీ అని పిలిచినా ఆగకుండా కొండ దిగింది. నేరుగా చిన్నతల్లి గుమ్మంలోకి వెళ్ళి జరిగినదంతా జరిగినట్టు చెప్పింది, తాడు ముడి వేసినది ఎవరో కూడా. చిన్నతల్లి ఏడవలేదు. గుమ్మం పట్టుకుని కూలబడి, దూడ కూడానా అని మాత్రం అడిగింది.

సాయంకాలం పోతురాజు వచ్చాడు. తాతమ్మ అన్నం పెట్టింది. అతను ముద్ద కలుపుతూ, తను కట్టకపోతే ఇంకొకడు కట్టేవాడని, ఆవు ఎలాగూ చచ్చిపోయిందని, దానికోసం బతికున్నవాళ్ళ పొట్ట కొట్టుకోవడం ఎందుకని మెల్లగా చెప్పుకొచ్చాడు.

"ఆవు సచ్చిపోనాది, సరే," అంది తాతమ్మ. "నువ్వు బతికే ఉన్నావు కదా మావా. నీకు నోరు లేదేటి?"

అతను ముద్ద వదిలేసి లేచిపోయాడు.

తరవాతి రెండు రోజులూ ఆమె ఇల్లిల్లూ తిరిగింది. పశువుల్ని పైకి తోలుకెళ్దాం, ఎవరు ఆపుతారో చూద్దాం అని అడిగింది. అందరూ సరేనన్నారనుకుంటే పొరపాటు. కొడుకులు కొండ మీద పని చేస్తున్న ఇళ్ళలో తలుపు సగమే తీశారు. ఒకామె అయితే, నీ కూతురు సుఖంగా ఉంది, నీకేం పోయింది, మా గుంటడి నోటికాడ కూడు తియ్యకు అని ముఖం మీదే అనేసింది. తాతమ్మకి ఆ మాట గుచ్చుకుంది. అయినా పశువులున్న ఇళ్ళు కొన్ని కదిలాయి. చిన్నతల్లి ఆవు లేకపోయినా కర్ర పట్టుకుని వచ్చింది.

ఆదివారం చూసుకుని బయలుదేరారు. పసుల బాట మూసి ఉంది కాబట్టి మందని తారు రోడ్డు మీదే తోలారు. వెనక కార్లు బారులు తీరాయి. హారన్లు మోగాయి. ఆవులు వాటి నడకే నడిచాయి. గేటు దగ్గరికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. గేటు వేసి ఉంది. తాళంచెవి చేతిలో పట్టుకుని పోతురాజు నిలబడి ఉన్నాడు.

భార్యాభర్తలు ఎదురుబొదురుగా నిలబడ్డారు, మధ్యన ఇనప చువ్వలు. మంద ఆయాసంతో బుసలు కొడుతోంది. మందలో ఒక ముసలి ఎద్దు పోతురాజుని గుర్తుపట్టి చువ్వల సందులోంచి మూతి పెట్టి అతని చొక్కా వాసన చూసింది.

"నా ఉజ్జోగం పోతాది తాతీ," అన్నాడు పోతురాజు.

తాతమ్మ బతిమాలలేదు, తిట్టలేదు. నేను నిన్నేమీ అడగలేదు కదా అని, కర్ర నేలకి ఆనించి అక్కడే నిలబడింది. అతని సెల్‌ఫోను మోగుతూనే ఉంది. లోపలి నుంచి ఎవరో, తీయొద్దు, తీయొద్దు అని అరుస్తున్నారు. వెనక కార్లవాళ్ళలో కొందరు విసుక్కున్నారు, కొందరు దిగి వచ్చి సంగతి ఏమిటని అడిగారు. అడిగినవాళ్ళకల్లా చిన్నతల్లి చెప్పింది. అంతలో ఒక పెద్ద తెల్ల కారు మందలోంచి ఎలాగో దారి చేసుకుంటూ గేటు ముందుకి వచ్చి గట్టిగా హారను కొట్టింది.

పోతురాజు ఆ కారుని చూశాడు. మంద వైపు చూశాడు. నిటారుగా నిలబడి కారుకి సెల్యూట్ కొట్టి, తాళం తీసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

ముందు వెళ్ళినది ముసలి ఎద్దు. దాని వెనక మందంతా. కారు ఉన్నచోటే ఉండిపోయింది. నీళ్ళ వాసన తగిలిన పశువుల్ని ఎవరు ఆపగలరు? గెడ్డకి కట్టిన గోడ వెనక తామరలు వేసి మడుగు చేశారు. అవన్నీ ఆ మడుగులోకి మోకాళ్ళ దాకా దిగి, కళ్ళు మూసుకుని తాగాయి. పెయ్యలు పరిచిన గడ్డి మీద అడ్డదిడ్డంగా గెంతాయి. ఒక గిత్త ప్లాస్టిక్ దిబ్బ ఎక్కబోయి, జారి, కూలబడి, లేచి నిలబడి చుట్టూ చూసింది. అతిథుల పిల్లలు కేరింతలు కొట్టారు. విజయ్‌కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇది ప్రైవేటు స్థలమని, పోలీసుల్ని పిలుస్తానని, మంచిగా చెప్తున్నానని అన్నాడు. మర్యాద మాత్రం వదల్లేదు.

"ఆనాడు బడి అరుగు మీద ఏటన్నావో, ఇప్పుడది మల్లీ సెప్పు బాబూ," అంది తాతమ్మ. "సగం బీడు మాకన్నావు. బాట మూయనన్నావు. గెడ్డ ముట్టుకోనన్నావు. సెప్పు, ఈలందరూ ఇంటన్నారు."

ఆయన చుట్టూ చూశాడు. ఫోన్లు పట్టుకున్న అతిథులు, పార పట్టుకున్న ఊరి కుర్రాళ్ళు, మడుగులో పశువులు. అందరూ ఆఫీసులోకి రండి, మాట్లాడుకుందాం అన్నాడు. ఎవరూ వెళ్ళలేదు. పశువులు కడుపు నిండా తాగేదాకా అక్కడే ఉండి, పొద్దు వాలాక తోలుకుని దిగారు.

కేసు పెట్టారు. తాతమ్మనీ చిన్నతల్లినీ పోలీసు స్టేషనుకి పిలిపించి పగలంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. చచ్చిన ఆవు సంగతి రాసుకోమంటే, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలన్నారు. అతిథులు తీసిన వీడియోలు అప్పటికే ఊళ్ళు తిరిగాయి. ఒక అధికారి జీపులో వచ్చి లోయలోకి దిగి చూశారు. కుళ్ళిన ఆవు మెడకి ముళ్ళతీగ ముక్క ఇంకా పట్టుకునే ఉంది. ఆ తరవాత గణపతిరావే మధ్యలో పడి కేసు ఎత్తివేయించాడు. కంచెని కొంచెం జరిపి మందకి దారి వదిలారు. మెట్టకి తూర్పున, యంత్రాలకి లొంగని రాతిబీడుని పశువులకి విడిచారు. అక్కడొక సిమెంటు తొట్టె కట్టి పైపు పెట్టారు.

పోతురాజు ఉద్యోగం ఆ ఆదివారమే పోయింది. గేటు ఎందుకు తీశావని విజయ్‌కుమార్ నిలదీస్తే, బండి హారను కొట్టిందని, హారను కొడితే సెల్యూట్ కొట్టి గేటు తీయమని తమరే కదా నేర్పారని జవాబు చెప్పాడట. తమాషాకి అన్నాడో, అమాయకంగా అన్నాడో తాతమ్మకి కూడా తెలియదు. ఆమె అడగలేదు. చిన్నతల్లి గుమ్మంలోకి మాత్రం అతను ఒక్కడే వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో బయటికి రాలేదు. వచ్చాక చాలాసేపు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. తాతమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

ఊళ్ళో కొందరు మనం గెలిచామంటారు. ఆ మాట వింటే తాతమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏం గెలిచాం? అటూ ఇటూ ముళ్ళతీగ, నడుమ ఒక బండి పట్టేంత సందు. పశువులు జైలుకి తీసుకెళ్ళే వాళ్ళలా ఒకదాని వెనక ఒకటి నడవాలి. మంచి గడ్డంతా తీగకి అవతల, రాళ్ళు ఇవతల. చూడి ఆవు ప్రాణానికి తీర్పు లేదు. పైగా పేపర్లో వేశారు: మూగజీవాల మీద రిసార్టు యాజమాన్యం దయ అని. తొట్టెలోకి నీళ్ళు వదులుతున్న విజయ్‌కుమార్ ఫోటో, పక్కన దండ వేసుకున్న గణపతిరావు. చిన్నతల్లి చదివి వినిపిస్తే తాతమ్మ, మన నీళ్ళు మనకి పోసి అది దయంటన్నారేటి అని పేపరు ఆమె చేతిలోంచి లాగి పొయ్యిలో పెట్టేసింది.

ఈ ఏడు ఉభాలకి ముందే మంద పైకి వెళ్ళింది. తాతమ్మా పోతురాజూ రాతిబీడులో గుడిసె వేశారు. సెలవు రోజుల్లో అతిథులు నడుచుకుంటూ కంచె దాకా వస్తారు. ఇంత అందమైన చోట ఉండడం మీ అదృష్టం అంటారు. ఆమె వాళ్ళని నిలబెట్టి చిన్నతల్లి ఆవు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. పలుపు తెంపుకోవడం, ట్యాంకు, తీగ, జీపు, నాలుగు బకెట్లు, ఏదీ వదలదు. తాడు కట్టిన చోటికి వచ్చేసరికి పోతురాజు అక్కడ ఉంటే తలకాయ అటు తిప్పుకుంటాడు. ఆపమని మాత్రం ఎప్పుడూ అనలేదు. విన్నవాళ్ళలో కొందరు వెళ్ళి మేనేజరుని అడుగుతున్నారు. అందుకని గణపతిరావు మొన్న ఒకసారి మెట్ట ఎక్కి వచ్చాడు. అయిపోయిన దాన్ని పదిమందికీ చెప్పుకోవడం ఎందుకు, ఊరి పేరు పాడవుతుంది, మానెయ్యి తాతమ్మా అని నచ్చజెప్పాడు.

"అబద్దమైతే సెప్పు బాబూ, ఇప్పుడే మానీస్తాను," అంది తాతమ్మ.

ఆయన చెప్పులో దూరిన ముల్లు తీసుకుని దిగిపోయాడు. కంచె అవతల అప్పటికే ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు, గొడుగు వేసుకుని, ఈ ఆవులన్నీ మీవేనా అని పలకరిస్తున్నారు. తాతమ్మ కర్ర పక్కన పెట్టి తీగ దగ్గరికి నడిచింది.